నలభై ఒకటి బై నాలుగు

నా భార్య తెరేసమ్మ పోయిన రోజు సాయంత్రం పక్కింటి ఆమినాబీ అన్నం పంపింది. చావు జరిగిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరని, ఆ మూడు రోజులూ పక్కవాళ్లే తిండి పెట్టాలని వాళ్లలో ఒక పద్ధతి ఉంది. మాది క్రైస్తవుల ఇల్లు. మాలో ఆ పద్ధతి లేదు. అయినా ఆమె పంపింది, నేను తిన్నాను.

నాలుగో రోజు నేను పొయ్యి వెలిగించలేదు. చేతకాక కాదు. రంపపు పొట్టు పొయ్యి కూరడంలో నాకున్న చెయ్యి మా కాలవ కట్ట మీద ఎవరికీ లేదు. వెలిగించాక దాని మీద ఏం పెట్టాలో తెలియలేదు. ఆ మధ్యాహ్నం కూడా రెండిళ్ల మధ్య పిట్టగోడ మీద పళ్లెం కనిపించింది, పైన ఇంకో పళ్లెం బోర్లించి. అయిదో రోజూ కనిపించింది. అలా ఆ మూడు రోజులు నాలుగేళ్లయ్యాయి.

మా ఇళ్లు బెజవాడలో బందరు కాలవ కట్ట మీద ఉంటాయి. ఒక్కో గది, ముందు రేకుల వసారా. వరసలో చివరిది నాది, దాని ముందుది ఆమినాబీది. నేను కలప అడితిలో రాత్రి కాపలా. పొద్దున వచ్చేటప్పుడు వారానికి రెండు గోతాల పొట్టు మోసుకొచ్చి ఆమినాబీ గుమ్మం పక్కన పెట్టేవాణ్ని. కుళాయి వచ్చిన పూట ఆమె బిందెలు కూడా నేనే పట్టేవాణ్ని. ఆమె మిల్లుల వాళ్ల చిరిగిన గోతాలు కుట్టేది. తెరేసమ్మ బతికుండగా ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని, ఒకే పురికొస ఉండ లోంచి లాక్కుంటూ కుట్టేవాళ్లు. తెరేసమ్మని ఆమె వదినా అని పిలిచేది కాబట్టి నన్ను అన్నయ్యా అనేది. అంతకు మించి మా మధ్య మాటలు లేవు. పళ్లెం గోడ మీద పెట్టి గరిటెతో అంచు మీద రెండుసార్లు తట్టేది. తిన్నాక కడిగి అక్కడే పెట్టేవాణ్ని. నాలుగేళ్లలో మేం మాట్లాడుకున్న మాటలన్నీ రాస్తే ఒక పోస్టుకార్డు నిండదు.

ఆమె భర్త అబ్దుల్ రవూఫ్ ఖాన్ చాలా ఏళ్ల కిందటే పోయాడు. ఇంట్లో కొడుకు సోహైల్, కోడలు ఫరహత్. సోహైల్ ఇబ్రహీంపట్నం దగ్గర బూడిద ఇటుకలు చేసే చోట పనికి వెళ్లేవాడు. సాయంత్రం వచ్చేసరికి వాడి కనుబొమ్మలు ముసలివాడివిలా తెల్లగా ఉండేవి.

రెండువేల రెండులో, క్రిస్మస్‌కి ముందు, సింధూరి అనే అమ్మాయి కట్ట మీదికి వచ్చింది. కాలేజీలో చదువుతోందట. భుజాన సంచి, చేతిలో పసుపు పెయింటు డబ్బా, బ్రష్షు. కుళాయి దగ్గర బిందెల వరస చూసి అక్కడే ఆగింది.

"ఏమ్మా, ఇళ్లిస్తారా?" అంది మాణిక్యమ్మ. మా వరసలో మూడో గది ఆమెది. కుళాయి దగ్గర ఎవరు ముందో ఎవరు వెనకో ఆమే చెప్పాలి.

"ఇవ్వరండీ. అడిగి రాసుకుంటామంతే."

"అడిగినోళ్లు చానామంది వచ్చారు. వాళ్ల చెప్పులరిగాయి గానీ మా బతుకులు మారలా."

ఆ అమ్మాయి నవ్వింది. కెనడాలో ఒక ప్రొఫెసరమ్మ ఉన్నారట. అక్కడ మంచు దేశంలో క్రీ అనే వాళ్లు ఉంటారు, ఆ నేలకి మొదటి నుంచీ వాళ్లే ఉన్నవాళ్లు. వాళ్ల ఊరొకటీ, యుద్ధం వల్ల ఊళ్లు వదిలి వచ్చిన ఆఫ్ఘన్ల పేట ఒకటీ తీసుకుని, ఇళ్లెలా ఉన్నాయి, నీళ్లెలా, పనులెలా, చదువులెలా అని పక్కపక్కన పెట్టి చూస్తున్నారట. ఆ ప్రశ్నలే మా దగ్గర అడిగితే ఏం తేలుతుందో చూడమని వీళ్ల కాలేజీకి పంపారట.

"మమ్మల్ని తీసుకెళ్లి వాళ్లతో పోలుస్తారా?" అంది మాణిక్యమ్మ. "మా కోడల్ని పక్కింటి కోడలితో పోలిస్తేనే మూడ్రోజులు మొహం చూపించలా."

సోహైల్ ముందుకొచ్చాడు. "మేమూ ఆఫ్ఘన్లమే మేడమ్. ఖాన్లం. మా తాతల తాత కాబూల్ నించి గుర్రమ్మీద వచ్చాడు."

"కాబూల్ నించి గుర్రమ్మీద వచ్చి ఇక్కడ కుళాయి దగ్గర లైన్లో నిలబడ్డావా నాయనా! గుర్రాన్నెక్కడ కట్టేశావు?" అంది మాణిక్యమ్మ. అందరూ నవ్వారు. సోహైల్ కూడా నవ్వాడు.

తరవాత ఆ అమ్మాయి తన లెక్క ఎలా ఉంటుందో చెప్పింది. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్లంతా కలిపి ఒక ఇల్లు. గది ఒకటే అయినా పొయ్యిలు రెండుంటే రెండిళ్లు. ప్రతి ఇంటికీ తలుపు మీద నంబరు, దాని పక్కన గీత గీసి మనుషులు ఎందరో వేస్తుంది. ఎవరింటికి వెళ్లిందో ఎవరింటికి వెళ్లలేదో మర్చిపోకుండా.

మూడు రోజులు ఆమె మా కట్ట మీదే తిరిగింది. మాణిక్యమ్మ తలుపు మీద రెండు నంబర్లు పడ్డాయి, 38/2, 39/3 అని. అత్తాకోడళ్లు ఒకే గదిలో రెండు పొయ్యిలు పెట్టుకున్నారన్న సంగతి అంతవరకూ ఎవరికీ తెలియదు. కట్టంతా నవ్వింది. మాణిక్యమ్మ రెండు రోజులు నీళ్లకి కోడలిని పంపింది.

నా దగ్గరికి వచ్చేసరికి పదకొండు గంటలయింది. కాపలా నుంచి వచ్చి పడుకున్నవాణ్ని లేచి తలుపు తీశాను. వసారాలో బల్ల మీద కూర్చుంది.

"మీ పొయ్యెక్కడ తాతగారూ?"

"వెలిగించను."

"మరి భోజనం?"

"ఆమినాబీ ఇంట్లోది."

"ఎన్నాళ్ల నుంచండీ?"

"నాలుగేళ్లు."

ఆమె రాసుకుంది. "అయితే మీకు వేరే నంబరు రాదు తాతగారూ. మీరు ఆ ఇంటి కిందకే వస్తారు."

సరేనన్నాను.

ఆమె వెంటనే లేవలేదు. ఎండగా ఉంది. మంచినీళ్లిచ్చాను. తాగుతూ సంచిలోంచి ఒక పుస్తకం తీసి చూపించింది. ఒక్కో ప్రశ్నకి ఎడమ పేజీ మీద క్రీ వాళ్ల సంగతి, కుడి పేజీ మీద ఆఫ్ఘన్ల సంగతి. అంతా ఇంగ్లీషు. వేలు పెట్టి చదివి తెలుగులో చెప్పింది. ఎడమ పక్క రెండు గదుల చెక్క ఇంట్లో పదకొండుమంది. కుడి పక్క ఒక మట్టి గదిలో తొమ్మిదిమంది. ఎడమ పక్క ఊరి చుట్టూ సరస్సులే, తాగే నీళ్లు మాత్రం కాచుకోమని నోటీసు అంటించారు. కుడి పక్క ఆడపిల్లలు డబ్బాలతో మోసుకురావాలి.

"మాకు ఎదురుగా కాలవ," అన్నాను.

"అవునండీ. అది రాశాను."

పని దగ్గర ఎడమ పక్క చేపలు, వేట, ఏడాదిలో కొన్ని నెలలు కూలి. కుడి పక్క ఇటుకల బట్టీ. సోహైల్ గుర్తొచ్చాడు. చదువు దగ్గర ఎడమ పక్క చాలా పెద్ద ఖాళీ ఉంది. అదేమిటని అడిగాను. అక్కడి ముసలివాళ్లని చిన్నప్పుడు ఇళ్లలోంచి తీసుకెళ్లి దూరపు హాస్టళ్లలో పెట్టారట, ఆ ప్రశ్న అడిగితే వాళ్లు లేచి బయటికి వెళ్లిపోయేవారట. కుడి పక్క బళ్లు యుద్ధంలో మూతబడ్డాయి.

"ఈ పొయ్యి లెక్క ఎడమ పక్క సరిగా కుదర్లేదంటండీ," అంది. "ఒకరికి వేటలో మాంసం దొరికితే పదిళ్లకి పోతుందంట. ఎవరు ఎవరింట్లో తింటున్నారో తేల్చడానికి మేడమ్ రెండుసార్లు వెళ్లొచ్చారంట."

"ఒక్కరే ఉన్నవాళ్లు?" అన్నాను.

పేజీలు తిప్పింది. "ఒక్కరే ఉండే ఇళ్లు... ఎడమ పక్క మూడు. కుడి పక్క లేవు."

"అసలు లేవా?"

"లేవండీ. భర్త పోయినామెనైనా మరిది ఇంటి కిందో అన్న ఇంటి కిందో రాశారు. ఎవరూ లేని ఒక పెద్దాయన్ని రొట్టెలిచ్చే పక్కింటివాళ్ల కింద రాశారు."

ఆమె వెళ్లాక నేను బయటికొచ్చి చూశాను. నా తలుపు మీద ఏమీ లేదు. ఆమినాబీ తలుపు మీద పసుపు రంగులో 41/4 అని ఉంది. వాళ్లు ముగ్గురు. ఆ నాలుగు వైపు చాలాసేపు చూశాను. లోపలికెళ్లి పడుకుని, మళ్లీ లేచి చూశాను.

ఆదివారం మాణిక్యమ్మ స్వయంగా కుళాయి దగ్గరికి వచ్చింది. మగవాళ్లు కూడా ఇళ్ల దగ్గరే ఉండే రోజు. పంక్చర్ షాపు జాన్‌బాబు ఉన్నాడు, సోహైల్ ఉన్నాడు. నేను ఆమినాబీ బిందె కుళాయి కింద పెట్టాను.

"ఏం సోహైలూ," అంది మాణిక్యమ్మ, "మీ ఇంట్లో ముగ్గురే కదా. మరి తలుపు మీద నాలుగేశారేంటి? ఆ నాలుగో ఆయన మీకేమవుతాడు నాయనా? మీ నాన్న పోయి ఇన్నేళ్లయింది కదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. జాన్‌బాబు నా వైపు తిరిగి, "ఆదివారం గుడికి రావడం మానేసింది ఇందుకా ఇశ్రాయేలు మావా? చెప్తే మేమూ బిరియానీకి వచ్చేవాళ్లం కదా," అన్నాడు.

జాన్‌బాబుది ఉత్త హాస్యమే. మాణిక్యమ్మది కాదు. సోహైల్ బిందె దించి నా దగ్గరికొచ్చాడు. వాడు నన్నెప్పుడూ చాచా అనేవాడు.

"పెద్దాయనా, ఆ అమ్మాయికి ఏం చెప్పారు మీరు?"

"ఎక్కడ తింటావంది. చెప్పాను."

"ఎట్టా చెప్పారు?"

"మీ ఇంట్లోదని."

"ఇంకో రెండు ముక్కలు చెప్తే నోరరిగిపోద్దా? పక్కింటోణ్ని, పొట్టు తెచ్చిస్తా, నీళ్లు పట్టిస్తా, అందుకు ఓ ముద్ద పెడతారని చెప్పొచ్చుగా! నాన్న లేని ఇల్లండీ మాది. అమ్మీ గురించి కుళాయి కాడ ఎట్టా మాట్లాడుతున్నారో విన్నారా?"

విన్నాను. వాడు చెప్పింది న్యాయమే. పొట్టుకి ముద్ద అని చెప్పి ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కానీ ఆ ముద్దని నేనెప్పుడూ పొట్టుకి బదులని అనుకోలేదు. ఆ సంగతి వాడికి చెప్పాలనిపించింది. బిందె నిండి పొర్లుతుంటే తీసి పక్కన పెట్టాను.

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో గట్టిగా మాటలు వినబడ్డాయి. వాళ్ల భాషలో. నాకు సగం అర్థమవుతుంది. సోహైల్ ఇజ్జత్ అన్నాడు, ఖాన్లం అన్నాడు. ఆమె, "అన్నం పెడితే పోయే పరువు కాదు మీ నాన్నది," అంది. పళ్లెం ఆలస్యంగా వచ్చింది. ఎవరూ తట్టలేదు. చూసేసరికి గోడ మీద ఉంది. సాయంత్రం సోహైల్ ఎర్ర ఇటుక పెళ్లతో తలుపు మీద నాలుగుని గీకాడు. ఆయిల్ పెయింటు పోలేదు. చుట్టూ ఎర్రగా మరక పడి ఆ నాలుగు ఇంకా దూరానికి కనిపించింది.

నేను అటక మీంచి తెరేసమ్మ పొయ్యి దించాను. డబ్బా తుప్పు పట్టింది. మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టంగా కూరి, సీసా మెల్లగా లాగేశాను. సోమవారం పొద్దున కాపలా నుంచి రాగానే వసారాలో, అందరికీ కనిపించేలా వెలిగించాను. పైన గిన్నెలో నీళ్లు పెట్టాను. అవి కాగాయి. అందులో ఏమీ వేయలేదు. పొయ్యి ఆర్పి సిటీ బస్సెక్కి ఆ అమ్మాయి కాలేజీకి వెళ్లాను.

గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. పేరు చెప్పాను. కాసేపటికి సింధూరి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"తాతగారూ! మీరేంటి ఇంత దూరం?"

"నంబరు మార్చాలమ్మా."

"ఏ నంబరండీ?"

"ఆమినాబీ ఇంటిది. మూడు అని వెయ్యి. నాకు వేరే వెయ్యి."

"మీరు అక్కడే తింటారు కదండీ?"

"పొయ్యి వెలిగించాను. పొద్దున."

ఆమె నా మొహంలోకి చూసింది. "ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"నేను చెప్పిన దానికి వాళ్లింటి మీద మాట పడింది. తప్పు నాది."

"మీ మాట మీద కాదండీ నేను రాసింది," అంది సింధూరి. "మీ దగ్గరికి రాకముందే ఆ నంబరేశాను. ఎంతమందని అడిగితే ఆవిడే చెప్పారు, నలుగురం అని. కోడలుగారు పక్క నుంచి, ముగ్గురమే కదా అత్తా అన్నారు. దానికావిడ కోప్పడ్డారండీ. ముగ్గురికి వండి మిగిలింది పంపిస్తున్నానా, నలుగురికని పోస్తున్నా బియ్యం, ఇశ్రాయేలన్నయ్యని ఎక్కడ రాయిస్తావు, గోడ మీదా అన్నారు. నేను మీ దగ్గరికి వచ్చింది అది నిజమో కాదో చూసుకోవడానికే."

కాలేజీ గేటులోంచి పిల్లలు వస్తున్నారు, పోతున్నారు. నేను పక్కకి జరిగి నిలబడ్డాను.

"ఇప్పటికీ మార్చమంటారా?" అంది సింధూరి.

"మార్చు."

"ఆవిణ్ని ఒకసారి అడగొద్దా?"

"అక్కర్లేదు," అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో చాలా రోజులు ఆలోచించాను. ఆమెకి మంచి చేస్తున్నాననే అనుకున్నాను. ఆమెని అడిగితే వద్దంటుందని నాకు తెలుసు. వద్దంటే నేను ఆగిపోతానని కూడా తెలుసు. అప్పుడు కుళాయి దగ్గర మాటలు పడాల్సింది ఆమె.

సాయంత్రం సింధూరి డబ్బా పట్టుకుని వచ్చింది. ఆమినాబీ తలుపు మీద పాత అంకె మీద రంగు పులిమి 41/3 అని వేసింది. నా తలుపు మీద 42/1 అని వేసింది. మాణిక్యమ్మ తన గుమ్మంలోంచే, "ఇప్పుడు బావుంది ఇశ్రాయేలన్నా, నీకూ ఒక ఇల్లు పడింది," అంది. సింధూరి బల్ల మీద కూర్చుని పుస్తకంలో ఏదో దిద్దుకుంది. దిద్దుకుంటూ, "ఒక్కరే ఉండే ఇళ్లు, వాళ్లకి మూడు, వాళ్లకి సున్నా, మనకి ఒకటి," అని తనలో తను అనుకుంది. తలెత్తి నన్ను చూసి పుస్తకం మూసేసింది.

ఆమినాబీ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో దబ్బనం ఉంది, దానికి పురికొస వేలాడుతోంది. తన తలుపు చూసింది. తరవాత నా తలుపు చూసింది.

"ఎవరు మార్చమన్నారమ్మా?" అంది.

సింధూరి నా వైపు చూసింది.

"నా నోటితో నేను చెప్పిన లెక్క," అంది ఆమినాబీ నాతో. "నన్నడక్కుండా తీయించావా అన్నయ్యా?"

కుళాయి దగ్గర ఆడవాళ్లు, మాణిక్యమ్మ, ఆ అమ్మాయి, అందరూ ఉన్నారు. నేను తల దించుకున్నాను.

"ఊళ్లోవాళ్లు అన్నది నాకు లెక్కలేదు. వాళ్లు రేపు ఇంకోళ్లనంటారు." ఇంకేదో అనబోయి ఆగింది. "సరే. పొయ్యి వెలిగించావుగా," అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పళ్లెం రాలేదు. ఎప్పటిలాగే రెండు గోతాల పొట్టు తెచ్చి ఆమె గుమ్మం పక్కన పెట్టాను. నిద్ర లేచి చూసేసరికి రెండూ నా గుమ్మం పక్కన ఉన్నాయి. మళ్లీ తీసుకెళ్లి పెట్టాను. మళ్లీ వచ్చాయి. ఫరహత్ ఈడ్చుకొచ్చి పెడుతూ నాకు కనబడింది. "అత్త పెట్టమంది," అంది మెల్లగా. బిందెలు కూడా ఫరహతే పట్టుకుంటోంది.

నాలుగైదు రోజులు హోటల్లో తిన్నాను. తరవాత బియ్యం తెచ్చుకున్నాను. మొదటి రోజు నీళ్లెక్కువై జావయింది. రెండో రోజు మాడింది. మాడిన వాసన గోడ దాటి వెళ్లి ఉంటుంది. అటు నుంచి ఏ చప్పుడూ రాలేదు.

క్రిస్మస్ మర్నాడు సోహైల్ వచ్చాడు. కనుబొమ్మల మీద బూడిద అలాగే ఉంది. బల్ల మీద కూర్చోలేదు.

"చాచా," అన్నాడు. "అమ్మీ నాతో మాట్లాడ్డం లేదు. అన్నం పెడుతుంది గానీ మాట్లాడదు. మీరు ఒక్క మాట చెప్పండి."

"ఏం చెప్పాలి?"

"ఏదో ఒకటి. మీరు మాట్లాడితే వింటుంది."

"నువ్వు చెప్పొచ్చుగా."

"చెప్పాను. ఒక్కసారే నోరు విప్పి, నీది కోపం, కోపం తగ్గుద్దిలే, ఆయనది కోపం కాదు, అదే నాకు అర్థం కావట్లేదంది." కాసేపు కాలవ వైపు చూసి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం పొయ్యి మీద ఎసరు పెట్టాను. వంకాయలు కోసి పక్కన పెట్టుకున్నాను. గోడకి అటు పక్క ఆమినాబీ వసారాలో చాప మీద కూర్చుని గోతం కుడుతోంది. దబ్బనం గుచ్చి, పురికొస జేనెడు పొడవున లాగి, మళ్లీ గుచ్చుతోంది. నేను పిట్టగోడ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. నేనొచ్చానని ఆమెకి తెలుసు. తలెత్తలేదు.

చెప్పాల్సిన మాటలు పొద్దుటి నుంచీ కూడబెట్టుకున్నాను. నలుగురని నువ్వు చెప్పావని నాకు తెలుసని. తెలిసే తీయించానని. నీ మీద మాట పడితే నేను ఆ అన్నం తినలేనని. అడిగితే నువ్వు ఒప్పుకోవని భయపడి అడగలేదని. గోడ దగ్గరికి వచ్చాక వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"వంకాయ కూరలోకి ఉప్పెంత వెయ్యాలి?" అన్నాను.

దబ్బనం ఆగింది.

"ఎంతమందికి?" అంది.

"నాకొక్కడికే."

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. కోపం లేదు ఆ మొహంలో.

"ఒక్కరికి నాకు తెలియదన్నయ్యా," అంది. "ఒక్కరికి నేనెప్పుడూ వండలేదు."

ఆమె గోతం తిరగేసి రెండో పక్క కుట్టడం మొదలుపెట్టింది. వెనక నా ఇంట్లో ఎసరు మరిగి మూత కొట్టుకుంటోంది. వెళ్లి బియ్యం వేశాను.